ఆదివారం ఏ సంఘానికి?

సికింద్రాబాదులో ఆదివారం పొద్దున్నే ఏదైనా బస్టాపు దగ్గర నిలబడితే, ఎవరు ఏ ఆరాధనకు వెళ్తున్నారో చేతిలోని పుస్తకాన్ని బట్టి కొంతవరకు పోల్చుకోవచ్చు. బైబిలుతో పాటు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే సీఎస్‌ఐ చర్చికో, బాప్టిస్టు చర్చికో, మెథడిస్టు చర్చికో అనుకోవచ్చు. సీయోను గీతములు పట్టుకుని కొంగు తలమీద కప్పుకున్న అమ్మలు బక్త్‌సింగ్ గారి సహవాసంలోని ఏదో మందిరానికి బయల్దేరినట్టు. పుస్తకమేదీ లేకుండా ఫోనుతో వెళ్లే కుర్రాళ్లు, పాటల మాటలు తెరమీద పడే పెద్ద హాలుకు.

ఈ జంటనగరాల్లో కంటోన్మెంటు సైనికుల కోసం కట్టిన 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి ఇంకా నిలిచే ఉంది. బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1875లో మొదలైన బాప్టిస్టు సంఘం ఇవాళ సెంటినరీ బాప్టిస్టు చర్చిగా కొనసాగుతోంది. ఇవి కాక ఫంక్షన్ హాళ్లలో, స్కూళ్ల పైఅంతస్తుల్లో, రేకుల షెడ్లలో, ఒక్కోసారి పాస్టరుగారి ముందుగదిలోనే జరిగే ఆరాధనలు లెక్కకు అందవు. ఏ ఆదివారమైనా, ఏ విశ్వాసి అయినా వీటిలో దేనికైనా వెళ్లవచ్చు. ఈ స్వేచ్ఛ ఎంత కొత్తదో చాలామంది గమనించరు.

తాతల కాలంలో సంఘాన్ని ఎవరూ ఎంచుకోలేదు. తెలుగు నేలను మిషన్లు తమలో తాము పంచుకున్నాయి. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ వచ్చాక గుంటూరు సీమ లూథరన్‌లది అయింది. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. కాకినాడ నుంచి ఉత్తరానికి కెనడియన్ బాప్టిస్టులు. మచిలీపట్నం చుట్టూ ఆంగ్లికన్లు, కడపలో లండన్ మిషనరీ సొసైటీ, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు, పాలమూరులో మెన్నొనైట్లు. ఒకరి పొలిమేరలోకి మరొకరు రాకూడదన్నది ఒప్పందం. కాబట్టి ఒక మనిషి చిన్ననాడే తలమీద నీళ్లతో బాప్తిస్మం పొందాడా, పెద్దయ్యాక చెరువులో మునిగి పొందాడా అన్నది అతని వేదాంతం మీద కాదు, అతని ఊరు ఏ తాలూకాలో ఉందన్న దానిమీద ఆధారపడింది. "మాది లూథరన్ మిషను" అని ముసలివాళ్లు చెప్పే మాటలో ఊరి పేరు చెప్పినంత సహజత్వం ఉండేది.

ఆ ఊళ్లన్నీ ఉద్యోగాల కోసం, చదువుల కోసం హైదరాబాదు వచ్చాయి. పటం మీద వందల మైళ్ల దూరంలో ఉన్న మిషన్లు ఒకే అపార్టుమెంటులో పక్కపక్క వాటాల్లో చేరాయి. తేడాలు మాత్రం చెరిగిపోలేదు. పెళ్లి మాటలు నడిచేటప్పుడు అవి బయటపడతాయి: అబ్బాయి ముంచడం ద్వారా బాప్తిస్మం పొందలేదంటే మళ్లీ పొందాలంటారు ఒకవైపువాళ్లు, ఒకసారి పొందినదాన్ని కాదనడం తప్పు కాదా అంటారు రెండోవైపువాళ్లు. బయటివాళ్లకు చిన్న విషయంగా తోచవచ్చు. ఆ రెండిళ్లకూ అది దేవుడు మనిషిని ముందు పిలుస్తాడా, మనిషి దేవునికి ముందు జవాబివ్వాలా అన్న ప్రశ్న.

ఈ చీలికలు భారతీయ క్రైస్తవులు కోరి తెచ్చుకున్నవి కావని గట్టిగా నమ్మినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912లో దోర్నకల్ బిషప్ అయిన ఈ తమిళుడు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1919లో తరంగంబాడిలో సమావేశమైన సంఘనాయకులు ఏకం కావాలన్న పిలుపు ఇచ్చినప్పుడు ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంప్రదాయాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్‌ఐ) ఏర్పడ్డారు. అజరయ్య అది చూడలేదు, 1945 జనవరి 1న కన్నుమూశారు. బాప్టిస్టులు, లూథరన్‌లు ఆ కలయికలో చేరలేదు. అయినా అందరూ పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పాడతారు. 1803లో పుట్టి 1890లో మరణించిన ఆ కవి పాటలు సీఎస్‌ఐలోనూ బాప్టిస్టు చర్చిలోనూ ఒకే రాగంలో వినిపిస్తాయి. తీర్మానాలు కలపలేనివాళ్లను కీర్తనలు ఎప్పుడో కలిపాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇంకో దారి తొక్కినవాడు బక్త్‌సింగ్. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో చదువుతుండగా క్రీస్తును నమ్మి, 1941లో మద్రాసులో యెహోవా షమ్మా సహవాసాన్ని మొదలుపెట్టాడు. 1950 నుంచి హైదరాబాదులోని హెబ్రోను ఆయన పరిచర్యకు కేంద్రం. 2000 సెప్టెంబరులో ఆయన మరణించింది కూడా ఇక్కడే. ఆ సహవాసపు ఆదివారం వేరుగా ఉంటుంది. చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటారు, మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. అచ్చు వేసిన ఆరాధన క్రమం ఉండదు. ఎవరికి ప్రేరేపణ కలిగితే వాళ్లు ప్రార్థిస్తారు. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. గంటలు గడుస్తాయి. ఆ తర్వాత ప్రేమవిందు: అందరూ బంతులుగా కూర్చుని కలిసి తింటారు.

ఆ బంతిభోజనం దగ్గర కాస్త ఆగాలి. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినవచ్చో పుట్టుకే నిర్ణయించే దేశంలో ఇంజనీరూ, రిక్షా తొక్కేవాడూ, ఇంటిపనికి వెళ్లే అమ్మా ఒకే వరుసలో కూర్చుని అదే కూర, అదే అన్నం తినడం ఏ ప్రసంగం కన్నా తక్కువ కాదు. తెలుగు సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్లు. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు సంఘం అంత వేగంగా పెరగడానికి అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఎంత కారణమో పేరయ్య అంత కారణం. పల్లెల్లో గుడి పేటలోనే ఉండేది. గుడికి వెళ్లడమంటే ఎవరు ఏ కులమో ఊరంతటికీ తెలియడమే.

అందువల్ల నగరంలో సంఘాన్ని ఎంచుకోగలగడాన్ని మార్కెట్టు మనస్తత్వమని కొట్టిపారేయడం అన్యాయం. ఎవరూ "మీదే ఊరు, ఏ పేట?" అని అడగని పెద్ద హాలులో కూర్చోవడం కొందరికి మొదటిసారి దొరికిన గౌరవం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులాల జాబితాకు బయట ఉంచింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లకు మిగిలింది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషను. గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్టులో ఇంకో పేరు పెట్టుకుని బతికే మనిషికి, ఏ రిజిస్టరులోనూ పేరు పడని ఆరాధన ఎంత ఊరటో ఊహించుకోవచ్చు. అదే సమయంలో క్రైస్తవ వివాహ ప్రకటనల్లో కులం పేరు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. నగరం ఆదివారం పూట కులాన్ని అడగదు, పెళ్లి పూట మాత్రం అడుగుతుంది. సంఘాలు దీని గురించి పల్పిటు మీద మాట్లాడకపోవడం బాధించే మౌనం.

ఇక పెద్ద మందిరాల సంగతి. 2005లో మొదలైన కల్వరి టెంపుల్ ఆదివారం ఒకదాని వెంట ఒకటిగా ఆరాధనలు జరుపుతుంది. ఒక గుంపు బయటికి వస్తుండగానే మరో గుంపు లోపలికి నడుస్తుంది. పాట బాగుంటుంది, వాక్యం సూటిగా ఉంటుంది, పార్కింగు దగ్గర వాలంటీర్లు ఓపికగా నిలబడతారు. వేలమందికి అక్కడ ఆత్మీయ ఆహారం దొరుకుతోందన్నది కాదనలేని నిజం. వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవచ్చు, కార్డులు ఇవ్వవచ్చు. కానీ మూడో వరుసలో ఎప్పుడూ కూర్చునే పెద్దాయన ఇవాళ రాలేదేమని అడిగేది పక్కన కూర్చునే మనిషే. ఆ మనిషి ప్రతి వారం మారుతుంటే అడిగేవాళ్లు ఉండరు.

2020 మార్చిలో కోవిడ్ వల్ల గుళ్లు మూతపడ్డాక ఎంపిక ఇంకా సులువైంది. సోఫాలో కూర్చుని ఒక ప్రసంగం నచ్చకపోతే ఇంకోటి. కొన్ని ఇళ్లలో సొంత రొట్టె, సొంత ద్రాక్షరసం పెట్టుకుని తెర ముందే ప్రభుభోజనం తీసుకున్నారు. ఆ భయం రోజుల్లో అదీ ఓదార్పే. కానీ ప్రభువు బల్ల దగ్గర మోకరించేటప్పుడు భుజం తగిలే మనిషి, తాను ఏరికోరి పిలుచుకోని మనిషి, ఆ బల్లలో భాగం. పోయిన నెల సంఘ కమిటీ ఎన్నికలో వ్యతిరేకంగా ఓటు వేసినవాడు అక్కడ పక్కనే ఉంటాడు. అతని తర్వాత అదే పాత్ర అందుకోవాలి. నచ్చినదాన్ని ఎంచుకునే ఆదివారంలో ఇటువంటి కష్టం ఎదురుకాదు, దాని వల్ల కలిగే మార్పూ ఎదురుకాదు.

అందుకేనేమో, నగరంలో చాలా కుటుంబాలు రెండు సంఘాలతో బతుకుతాయి. వారం వారం పెద్ద హాలుకు వెళ్తూనే పాత చర్చిలో సంవత్సర చందా మానరు. పెళ్లి ప్రకటనలు మూడు ఆదివారాలు చదవాలి, చివరికి సమాధి స్థలం కావాలి. దీన్ని అవకాశవాదం అనేవాళ్లున్నారు. తమను పేరుపెట్టి పిలిచే చోటు ఒకటి ఉండాలన్న మనిషి ఆశ అందులో కనిపిస్తుందనడం న్యాయంగా ఉంటుంది.

పాత చర్చిల్లో కోత పండుగనాడు గుమ్మడికాయను వేలం వేస్తారు. బజారు ధరకు ఎన్నో రెట్లు పెట్టి పాడుకున్నాయన మళ్లీ దాన్ని గుడికే ఇచ్చేస్తే, మళ్లీ వేలం. సంఘ పెద్దల కేకలు, పిల్లల పరుగులు. ఇటువంటివి చూడటానికి కొత్తవాళ్లు రారు, వీటిని వీడియో తీసినా అర్థం కావు. ఆరాధనలో అందరూ గడియారం చూసుకునే భాగం, ప్రసంగం తర్వాత వచ్చే ప్రకటనలు, కూడా అటువంటిదే: గాంధీ ఆసుపత్రిలో ఉన్న సంఘ సభ్యుడి కోసం రక్తదాతలు కావాలి, స్త్రీల సమాజం గురువారం ఫలానా ఇంట్లో, కన్ఫర్మేషన్ క్లాసుకు పేర్లివ్వాలి, ఫలానా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని కృతజ్ఞతార్పణ, మూడో వార్డు ఇంటి కూడికలకు పెద్దలెవరూ రావడం లేదు, ఈ వారమైనా రావాలని అయ్యగారి విన్నపం.