నులక మంచం మీద చోటు

మేం ఇంట్లో చార్‌పాయీ అంటాం, గడప దాటితే నులక మంచం అంటాం. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, ఇంత నార తాడు. చార్‌పాయీ అంటే నాలుగు కాళ్లది. మాట ఫార్సీది. మరి మంచం ఎవరిది? 14వ శతాబ్దంలో మొరాకో నుంచి వచ్చిన ఇబ్న్ బతూతా ఇలాంటి మంచాన్ని ఇక్కడ చూసి, హిందూస్తాన్‌లో మంచాలు ఒక్క మనిషి మోసుకుపోయేంత తేలికని రాశాడు. పేరు బయటిదైనంత మాత్రాన మంచం పరాయిది కాలేదు. మా పేర్లూ అంతే. ఈ మాట చెప్పీ చెప్పీ మా గొంతులు ఎండిపోయాయి.

కానీ మాకు మేం చెప్పుకోని మాట ఒకటుంది.

మా చిన్నప్పుడు మంచం అల్లడానికి ఒక దూదేకుల తాత వచ్చేవాడు. పాత నులక విప్పి, కొత్త తాడు ఏటవాలుగా లాగుతూ, ఒకసారి పైనుంచీ ఒకసారి కిందనుంచీ దూర్చి అల్లేవాడు. కాళ్ల వైపు కొంత మేర వదిలి, అక్కడ వేరే తాడు వేసి బిగించేవాడు. దాన్ని ఉర్దూలో అద్వాన్ అంటారు. నడుమ జారినప్పుడల్లా అది లాగితే మంచం మళ్లీ బిగుస్తుంది.

పనయ్యాక పిల్లలం ఎక్కి గెంతేవాళ్లం. తాత మాత్రం నేల మీద కూర్చుని చాయ్ తాగేవాడు. జుమ్మా నాడు మసీదులో ఆయన భుజానికి భుజం ఆనించి నిలబడే మా పెద్దలే, ఇంట్లో ఆయన్ని మంచం మీద కూర్చోమనలేదు. ఎందుకని అడిగితే, వాళ్లకు ఉర్దూ రాదు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు అన్నారు.

ఉర్దూ మాట్లాడతామని మమ్మల్ని తెలుగువాళ్ల లెక్కలో వెయ్యనివాళ్ల మీద మాకు కోపం. తెలుగు మాట్లాడతాడని ఆయన్ని సగం ముసల్మానుగా చూసిన మేం ఏ ముఖంతో కోప్పడాలి?

అన్యాయం భరించినవాడికి అన్యాయం చేసే హక్కు రాదు. అలాగని మా తప్పు మాకు జరిగిన అన్యాయాన్ని కొట్టెయ్యదు. రెండు లెక్కలూ మేమే చూసుకోవాలి. ముందు వాళ్లు జరగనీ, తర్వాత మేం జరుగుతాం అనుకుంటూ కూర్చుంటే నిలబడ్డవాడు నిలబడే ఉంటాడు.

తాత ఇప్పుడు లేడు. మా ఇళ్లల్లో నులక మంచాలూ తగ్గిపోయాయి. ఇప్పుడు ఎవరొచ్చినా కుర్చీ వేస్తున్నాం, నిజమే. అయితే ఆ తాత మనవరాలిని మా ఇంటికి కోడలిగా తెచ్చుకుంటామా? బయటివాళ్లను నిలదీసే ముందు మా ఇళ్లల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం.