దుఃఖమును పుట్టించి దుఃఖమును తీర్చవచ్చునా?

దిగులు ముదిరి వ్యాధి యగుట కలదు. అకారణభయము దానికి తోబుట్టువు. ఇవి సోమరితనము వలన పుట్టునవి కావు. మెదడు పనిచేయు తీరుతో వీటికి సంబంధము కలదు. ఆ తీరు తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు ఎక్కువగా ఎలుకలపై ప్రయోగములు చేయుచున్నారు. అహింసావ్రతము గల గృహస్థునకు ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న ఎదురగును.

1967లో అమెరికాలో సెలిగ్మన్, మేయర్ అను ఇరువురు, కుక్కలకు తప్పించుకొన వీలులేని విద్యుద్ఘాతములు ఇచ్చిన ప్రయోగఫలితములను ప్రకటించిరి. అట్టి కుక్కలలో పెక్కు, తరువాత అడ్డును దాటిన బాధ తప్పునట్టి చోటను గూడ దాటక పడియుండెను. 1977లో పోర్సోల్ట్ మరియొక పరీక్షను ప్రకటించెను. ఎలుకను నీటి పాత్రలో వేయుదురు. అది పెనుగులాడి, తుదకు తల మాత్రము పైకుంచి కదలక తేలును. మందిచ్చిన ఎలుక మరికొంతసేపు పెనుగులాడినచో ఆ మందు పనికి రావచ్చునని తలంతురు.

ఈ ప్రయోగములన్నియు వ్యర్థమనుట న్యాయము గాదు. 2016లో సెలిగ్మన్, మేయర్లే తమ పూర్వాభిప్రాయమును సవరించుకొనిరి. నిస్సహాయత నేర్చుకొన్నది కాదనియు, ఎడతెగని బాధకు అది సహజస్పందన యనియు, బాధను కొంత ఆపగలనను ఎరుకయే నేర్చుకొనబడుననియు వ్రాసిరి. ఆ ఎరుకకు మెదడు ముందుభాగము ఆధారము. ఇది ఎలుకల వలన తెలిసినదే. కాని దిగులును తగ్గించు మొదటి మందులైన ఇప్రోనియజిడ్, ఇమిప్రమిన్‌ల గుణము 1950 తరువాతి సంవత్సరములలో రోగులను శ్రద్ధగా గమనించుట వలననే బయటపడెను.

గృహస్థుని హింసను పెద్దలు సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి అని నాలుగుగా విభజించిరి. వంటలో, వ్యాపారములో తప్పనిసరియై జరుగునది ఆరంభి, ఉద్యోగి. ఆ పనులలో బాధ కోరి తెచ్చినది కాదు. ఈ పరీక్షలలోనో, బాధయే తయారుచేయు సరకు. కనుక దీనిని ఉద్యోగి హింస ఖాతాలో వ్రాయుట కష్టము. పైగా ఎలుక బాధ మనుష్యుని బాధవంటిది కానిచో పరీక్ష విలువ తగ్గును. అటువంటిదే యైనచో ఆ జీవి దుఃఖపడుచున్నదని ప్రయోగశాలయే సాక్ష్యమిచ్చినట్లగును.

అయిన రోగి మందు మానవలెనా? మానరాదు. జరిగిన హింస దానివలన వెనుకకు మరలదు. ఇంటిలోని ప్రాణము పోవచ్చును. హింసను సంకల్పించినవాడు రోగి కాడు. ఋణము ఆరోగ్యవంతులది. జంతువులకు బదులు వేరు మార్గము వెదకుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట అను మూడు సూత్రములను రస్సెల్, బర్చ్ 1959లో ప్రతిపాదించిరి. వీలైనచోట నెల్ల జంతుప్రయోగములను మానవలెనను నియమము భారతదేశపు 1960 నాటి చట్టములోను కలదు. పింజరాపోలునకు విరాళమిచ్చు చేయి, వేరు మార్గములు వెదకు పరిశోధనకును కొంత ఇయ్యవచ్చును.

మరియొక మాట. బోనులోని ఎలుకపై జాలిపడి, ఇంట మూల కూర్చున్న కోడలిని "నీకేమి తక్కువ?" అని దెప్పువాని అహింస సగమే. ఆమెను వైద్యునికి చూపవలెను. చేయగల చిన్న పని నొకదానిని ఆమె చేతికియ్యవలెను. ఆ జీవులు పడిన బాధ వలన తెలిసినది ఇంతమాత్రమైనను ఇంటికి ఉపయోగపడవలెను గదా!