పెరటి మడిలో అహింస
వానాకాలపు రాత్రుల్లో పెరటి పాలకూరను తినేసే గుల్లలేని నత్తపై ఉప్పు చల్లడం పాపమా? పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ, ఈ ఐదూ ఇంట్లో ప్రాణులు చచ్చే చోట్లేనని మనుస్మృతి ఒప్పుకుంది. హింస బొత్తిగా లేని సంసారం లేదన్నమాట. జైనులు ఇంకా నిశితంగా చూశారు: పనిలో అనివార్యంగా జరిగేది వేరు, సంకల్పించి చేసేది వేరు, గృహస్థు పూర్తిగా మానవలసింది రెండోది. పార తగిలి తెగిన వానపాము మొదటి కోవకు వస్తుంది. ఒంట్లో తేమంతా లాగి చంపే ఉప్పు మాత్రం, నా దృష్టిలో, రెండోదే. పంటను కాపాడుకోవడం ఆత్మరక్షణ కాదా అనవచ్చు. ఆత్మరక్షణకు జైనులూ గృహస్థుకు మినహాయింపు ఇచ్చారు. అయితే వేరే దారి లేనప్పుడే ఆ వాదం నిలుస్తుంది. ఇక్కడ దారి ఉంది: రాత్రి తడి గోనెపట్టా పరిస్తే తెల్లారేసరికి నత్తలు దాని కిందికి చేరతాయి, ఏరి దూరంగా వదలొచ్చు. కొన్ని తిరిగొస్తాయి, నిజమే; మళ్లీ ఏరాలి.