వానప్రస్థమున ఒక పరికరము

మనుస్మృతి ఆఱవ అధ్యాయమున వానప్రస్థ ధర్మము చెప్పబడినది. గృహస్థుడు తన దేహమున ముడుతలు పడుటను, తల నెరయుటను, సంతానమునకు సంతానము కలుగుటను చూచిన పిమ్మట, గ్రామమందలి ఆహారమును, ఇంటనున్న సమస్త సామగ్రిని విడిచి అరణ్యమునకు పోవలెనని అచట విధి. ఆ మాట ముగిసినదో లేదో, మఱుసటి శ్లోకముననే, పోవువాడు తన అగ్నిహోత్రమును, దానికి కావలసిన ఉపకరణములను వెంట గొనిపోవలెనని చెప్పబడినది. సర్వమును విడువుమన్న శాస్త్రమే ఈ కొన్నింటిని విడువరాదన్నది. ఈ రెండు శ్లోకములలో మొదటిదానిని మనము విరివిగా తలచుకొందుము. రెండవదానిని తలచువారు అరుదు. వృద్ధాప్యమనగా విడుచుటయే యని స్థిరపఱచుకొని, పెద్దవారి చేతులనుండి ఒక్కొక్క పనిముట్టును తీసివేయుచు, అది వారి వైరాగ్యమునకు సాయమని భావించువారిని నేను పెక్కుమందిని చూచితిని.

ఉప్పాడలో నాకొక మిత్రుడు కలరు. ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితులుగా పనిచేసి పదవీవిరమణ చేసినవారు. ఉద్యోగమున్నంతకాలము పిల్లలకు ఛందస్సు చెప్పుటలో గడచిన ప్రాణము, ఇప్పుడు ఊరి నేతగాండ్ర నోటను, వేటకు పోవువారి నోటను వినవచ్చు వృత్తిపదములను ఏఱి వ్రాసికొనుటలో గడచుచున్నది. ఇంటివాడుకకు తగినట్టి, ధర మించనట్టి ల్యాప్‌టాపు నొకదానిని చూచిపెట్టుడని దూరదేశముననున్న వారి కుమార్తె నన్ను కోరినది. ఆ సంగతి విన్న మిత్రుడు, “ఈ వయసులో ఇంకో వస్తువు నెత్తినెట్టుకోమంటారేంటండీ? ఉన్నవాటినే ఎవరికిద్దామా అని చూస్తున్నాను” అనిరి. ఆయన ఖర్చునకు వెనుదీసి అన్న మాట కాదది. వయస్సు మీఱిన మనుష్యుడు క్రొత్తగా ఒక వస్తువును చేపట్టుట ధర్మమా యని ఆయన నిజముగనే అడిగినారు. నేనును ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనక అంగడికి పోజాలకపోతిని.

ఉప్పాడలో అట్టి ప్రశ్న పుట్టుట సహజము. సముద్రము ఏటేట తీరమును కోసికొనుచు లోనికి వచ్చుచున్న ఊరది. కాకినాడనుండి అచటికి పోవు బీచిరోడ్డు తుపానుకొకమాఱు తెగి, మరల వేయబడి, మరల తెగుచున్నది. ఒడ్డును కాపాడుటకై వేసిన జియోట్యూబుల గోడయు అలల తాకిడికి దెబ్బతిన్నది. సుబ్బంపేట, మాయాపట్నము వైపు ఎన్నియో ఇండ్లు కెరటముల పాలైనవి. 2020 నవంబరులో నివర్ తుపాను వెలిసిన పిమ్మట, ఉప్పాడ ఒడ్డున ఇసుకలో బంగారు రేణువులు దొరకుచున్నవని విని జనము గుంపులుగా వచ్చి వెదకిరి. అవి సముద్రమున కలిసిన గుడులవి, ఇండ్లవి యని ఊరివారి నమ్మకము. తాతలు కూడబెట్టినది మనుమల వ్రేళ్ల సందున ఇసుకతో గలసి జాఱిపోవుటను కన్నులార చూచినవారికి, వస్తుసంగ్రహమును గూర్చి వేదాంతగ్రంథములు వేఱుగా చెప్పవలసినది అంతగా ఉండదు.

పతంజలి చెప్పిన యమములు ఐదింటిలో కడపటిది అపరిగ్రహము. దానికి వ్యాసభాష్యమున గల వివరణము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. విషయములను ఏల స్వీకరింపరాదన్నచో, ఆర్జించుటలో దోషమున్నది, రక్షించుకొనుటలో దోషమున్నది, అవి క్షయించుటలో దోషమున్నది, వానియందు సంగము కలుగుటలో దోషమున్నది, వాని మూలమున హింస జరుగుటలో దోషమున్నది. ఈ దోషములను చూచి స్వీకరింపకుండుటయే అపరిగ్రహమని భాష్యకారుని భావము. ఇందు వస్తువుల సంఖ్యను గూర్చి ఒక్క మాటయు లేదు, వెలను గూర్చియు లేదు. ఇంటిలో పది వస్తువులున్నవాడు పరిగ్రహి యనియు, రెండున్నవాడు విరక్తుడనియు లెక్కించుట మనము కల్పించుకొన్న తేలిక కొలత. ఉప్పాడ జాందానీ మగ్గముపై బుటాకు వాడు పేకనూలు చీర ఈ అంచునుండి ఆ అంచువఱకు పాఱదు. బుటా యున్నంతమేరయే దానిని చేతితో త్రిప్పి అచటనే ముగింతురు. ఆ కారణముచేతనే ఆ నేత రెండు ప్రక్కలను ఒక్కతీరుగ నుండును. అపరిగ్రహమున నేను చూచు నియమము ఆ నేతయందున్నది: పని యున్నచోట నూలునకు కొఱత లేదు, పని లేనిచోట పోగైనను లేదు.

కావున అతి చవుకైన వస్తువును కొనుట వైరాగ్యము కాజాలదు. విండోస్ 11 నడచుటకు తయారీదారు చెప్పిన కనీస ప్రమాణము 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ. ఆ కనీసమునకే తయారైన యంత్రములు అంగడిలో కలవు. కొన్నది మొదలు నిల్వ నిండిపోవును, మార్పులు దించుకొనుటకు చోటు చాలదు, ఒక పుస్తకము తెఱచి ఇంకొకదానిని తెఱవబోవగా యంత్రము కదలక నిలుచును. ఇట్టిచోట యువకుడు యంత్రమును విసుగుకొనును. డెబ్బదవ యేటికి చేరువైన మనుష్యుడు మాత్రము ఆ మాంద్యము తన బుద్ధిదే యని భావించి, లోలోపల సిగ్గుపడి, మూతవేసి, మరల దాని జోలికి పోడు. నాలుగైదువేల రూపాయలు మిగిల్చి ఒక పెద్దమనిషికి తనపై తనకున్న నమ్మకమును పోగొట్టుట హింస యని నేను నిస్సంకోచముగ చెప్పుదును.

ఇక తేల్చుకొనవలసినది, ఈ మనుష్యుని అగ్నిహోత్రమేది యని. పింఛను జమయైన సమాచారము ఫోనుననే వచ్చుచున్నది. చిల్లర చెల్లింపులు ఫోనుననే జరుగుచున్నవి. ఏటేట ఇచ్చుకొనవలసిన జీవన ధ్రువపత్రమునకు 2014 నవంబరు 10న ఆరంభమైన జీవన్ ప్రమాణ్ పద్ధతి యున్నది, ముఖము చూపి ధ్రువపఱచుకొను వీలు 2021లో వచ్చిన పిమ్మట అదియు ఫోనుతోనే తీఱును. వీనికై వేఱొక యంత్రమును కొనుట నిష్ప్రయోజనము. మిగిలినవి మూడు పనులు: చదువుట, వ్రాయుట, దూరమందున్న మనుమరాలి ముఖమును అరచేయి పాటి అద్దములో కాక కాస్త పెద్దదిగా చూచుట. ఈ మూడింటిలో మొదటి రెండును ఆయనకు ఊపిరివంటివి. పిఠాపుర మహారాజావారి పోషణమున, జయంతి రామయ్య పంతులుగారి పూనికతో సిద్ధమై, 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు నేడు ఆంధ్రభారతి వారి నిఘంటుశోధనలో ఎవరికైనను లభ్యము. ప్రక్క ఊరి సంస్థానము పోషించిన ఆ మహాకోశమును ఉప్పాడలో కూర్చున్న తెలుగు పండితుడు ఫోనుతెరపై కన్నులు చిట్లించుకొని వెదకుకొనుట నాకు దుఃఖకరముగ తోచినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశమున 1962 నాటి మొదటి సంపుటము వ్యవసాయ పదములకును, 1971 నాటి రెండవ సంపుటము చేనేత పదములకును సంబంధించినవి. వానిలో చేరని ఉప్పాడ మాటలను తాను చేర్చిపెట్టవలెనన్నది మిత్రుని సంకల్పము. ఇది ఆయన ఆరనీయక కాపాడుకొనుచున్న అగ్ని. దీనికి పరికరము కావలెను; దీనిని విడువుమనుటకు మనువు కూడ సమ్మతింపడు.

అగ్ని యేదో తెలిసిన పిదప సమిధలను ఏఱుట కష్టము కాదు. ఆయనకు ముఖ్యము తెర. తెలుగు లిపికి అక్షరము క్రింద ఒత్తు, ఒత్తు క్రింద మఱియొక ఒత్తు గలదు. ‘జ్యోత్స్న’ వంటి మాట 1366×768 చుక్కల పాతతరహా తెరపై చిన్నదిగా కనబడినచో ఆ క్రింది గీతలు ఒకదానిలో నొకటి కలిసిపోవును. మూలనుండి మూలకు 15.6 అంగుళములు గల 1920×1080 చుక్కల తెరపై అక్షరములను నూటికి 125 లేక 150 పాళ్లకు పెంచుకొన్నచో కన్నులకు శ్రమ యుండదు. ఏ ప్రక్కనుండి చూచినను రంగు వెలవెలబోని ఐపీఎస్ తెర కావలెనని పట్టుబట్టవలెను, ఏలయన మనుమరాలితో మాటలాడునప్పుడు భార్యాభర్తలిద్దఱును ప్రక్కప్రక్కల కూర్చుందురు గదా. ర్యామ్ 8 జీబీ, నిల్వకు 512 జీబీ ఎస్ఎస్‌డీ. ప్రాసెసరు కోర్ ఐ3 గాని రైజెన్ 3 గాని చాలును. దానికి మించిన ఐ7లు, ఆటలకొఱకు పెట్టు గ్రాఫిక్స్ కార్డులు వేఱొకరి యజ్ఞమునకు చెందిన సంభారములు. కీబోర్డు విషయమున ఒక సంతోషకరమైన మాట చెప్పవలెను. మనదేశమున ప్రమాణముగా గైకొనబడిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు ఎడమచేతివైపును, హల్లులు కుడిచేతివైపును ఉండును. జీవితమంతయు వర్ణమాల చెప్పినవానికి అందలి క్రమము చూచినంతనే బోధపడును. ఇంగ్లీషు అక్షరములతో తెలుగును కూర్చుటకంటె ఇదియే ఆయనకు సులభమైనది.

క్షయమను దోషము ఉప్పాడలో ఒక సిద్ధాంతము మాత్రమే కాదు. అచట కిటికీ ఊచలు త్రుప్పుపట్టును, తాళములు బిగుసుకొనును. ఉప్పుగాలి యంత్రములోనికి ఫ్యానుద్వారా పోయి లోహపు కీళ్లపై చేరును. ఉప్పు తేమను పీల్చుకొనును, ఆ తేమ లోహమును తినును. సముద్రమువైపు కిటికీ దగ్గఱ పెట్టరాదు, పని కాగానే మూసి బీరువాలో నుంచవలెను, కరెంటు హెచ్చుతగ్గులకు రక్షణ గల ప్లగ్గుబోర్డు వాడవలెను. ఈ జాగ్రత్తలు తీసికొన్నను క్షయము ఆగదు, నెమ్మదించును. అందుచేత ఒకటి రెండువేల రూపాయలు అధికమైనను ఇంటివద్దకే వచ్చి బాగుచేయు వారంటీని రెండవ మూడవ సంవత్సరములకు పొడిగించుకొనుట మేలు. ఆ సేవ ఉప్పాడ పిన్‌కోడునకు వర్తించునో లేదో కొనుటకు ముందే అడుగవలెను. నగరములకు మాత్రమే వర్తించు హామీ గ్రామవాసికి కాగితముతో సమానము.

మిత్రుని కుమారుడు తన పాత ల్యాప్‌టాపును పంపెదననెను. హింసాదోషమును తలచినచో ఆ మాటయే ఉత్తమము. బ్యాటరీలలోని కోబాల్టు సగమునకు పైగా కాంగో దేశపు గనులనుండి వచ్చుచున్నది. అందు పిల్లల చేతులును పనిచేయుచున్నవి. ఉన్న యంత్రమును మఱికొన్నేండ్లు నడపుటవలన ఆ పాపభారము కొంత తగ్గును. కాని విండోస్ 10కి సాధారణ భద్రతామార్పులు 2025 అక్టోబరు 14తో నిలిచినవి. ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందటి ప్రాసెసరులను విండోస్ 11 సాధారణముగ అంగీకరింపదు. ఆతడు పంపెదనన్నది ఆ పాతకోవలోనిది. లినక్సు పెట్టినచో అది నిక్షేపముగ నడచును, ప్రక్కనే తెలిసినవారుండిన నేను దానినే పెట్టించియుందును. ఒంటరిగా చిక్కుపడినప్పుడు అడుగుటకు దిక్కులేని ఊరిలో అది తగదని, పాతదానిని 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న ఈ-వ్యర్థ నియమముల ప్రకారము తిరిగి తీసికొను కేంద్రమునకు ఇమ్మని చెప్పితిని.

రక్షణమున దోషము నేడు యంత్రముకంటె మనుష్యునికి సంబంధించినది. పోలీసులమని వీడియోలో బెదరించి వృద్ధుల పొదుపును దోచుకొను ముఠాలున్న కాలమిది. విండోసుతో వచ్చు డిఫెండరు చాలును, వేఱు యాంటీవైరసు కొనవలదు. నిత్యము వాడు ఖాతాకు ప్రోగ్రాములను ఎక్కించు అధికారము లేకుండ చేయవలెను. 1930 అను సహాయపు నంబరును పెద్దయక్షరములతో వ్రాసి గోడకు అంటింపవలెను. ఇంతకు మించి, డబ్బు వ్యవహారమంతయు ఆ యంత్రమునుండి దూరముగ నుంచితిమి. సంగమును గూర్చి నేను ఏమియు చెప్పలేదు. ఆ విషయమున ఆయన నాకు గురుస్థానీయులు.

గీత పదునేడవ అధ్యాయమున సాత్త్విక దానమునకు దేశము, కాలము, పాత్రము చూడవలెనని యున్నది. సలహాయు ఒక దానమే. ఇతరునికొఱకు వస్తువును ఎంచునప్పుడు మనకు తెలియకయే మన అభిరుచిని, మన పరిజ్ఞానమును ఆతని ఇంట ప్రతిష్ఠింప జూతుము. అంగడిలో నిలిచి నేను మెఱుగైన నమూనాలవైపు చేయి చాచినప్పుడెల్ల, ఉప్పుగాలియు, ఒత్తులును, ఆయన చెవుల మాంద్యమును నన్ను వెనుకకు లాగినవి. చెవులకొఱకు మైకుతో కూడిన తీగ గల ఇయర్‌ఫోనును జతచేసితిమి. అన్నియు కలిపి 40,000 రూపాయలకు లోబడినది. కుమార్తె ఇచ్చెదనన్నను ఆయన తన పింఛనునుండియే చెల్లించిరి.

దూరమునుండి తల్లిదండ్రులకు యంత్రములను పంపు బిడ్డలను నేను వేడునది ఒకటి. ఆర్డరు పెట్టుటకు ముందు ఒక పూట వారి ప్రక్కన కూర్చుండి, వారు దేనిని చదువుచున్నారో, ఏ అక్షరము దగ్గఱ తడబడుచున్నారో చూడుడు. మీరు రాలేనిచో ఊరిలోనున్న ఎవరినైనను చూచి చెప్పుమనుడు.