గొఱ్ఱెపిల్ల కథయు, కాంగో పటమును

ధ్యానభాగము: 2 సమూయేలు 12:1–9

నాతాను ప్రవక్త దావీదు ఎదుటికి వెళ్లినప్పుడు నేరము మోపుటతో ఆరంభింపలేదు. ఒక కథ చెప్పెను. పేదవాని యింట బిడ్డవలె పెరిగిన ఆడు గొఱ్ఱెపిల్లను ధనవంతుడు పట్టుకొనిపోయి అతిథికి వండించిన కథ అది. విన్న రాజునకు కోపము రగులుకొనెను. ప్రవక్త వ్రేలు అప్పుడు రాజువైపు తిరిగెను. మొదటనే ఊరియా పేరెత్తినయెడల రాజు చెవులు మూసుకొనియుండునేమో. కథయైనను, పటమైనను, సినిమాయైనను చేయదగిన మంచి పని యిదేయని మేము తలంచుచున్నాము.

ఆఫ్రికాలోని కాంగో దేశము 1885 మొదలు 1908 వరకు బెల్జియము రాజైన రెండవ లియోపోల్డు సొంత ఆస్తిగా నుండెను. అడవి తీగెలనుండి ఊరూరివారు ఇంత రబ్బరు తేవలెనని లెక్క కట్టిరి. తక్కువైనచోటికి కంపెనీ కాపలావారు తుపాకులతో వచ్చుచుండిరి. 1904 మే నెలలో న్సాలా అను ఒక తండ్రి బారింగా మిషను బంగళాకు ఆకుల పొట్లమొకటి తెచ్చెను. అందులో అయిదేండ్ల కుమార్తె చేయియు పాదమును ఉండెను. బిడ్డలో అతనికి మిగిలినది అంతే. ఆలిస్ సీలీ హారిస్ అను మిషనెరీ దొరసానిగారు అతనిని వసారాలో కూర్చుండబెట్టి ఫొటో తీసిరి. ఆ పటములో న్సాలా మనవైపు చూడడు; బిడ్డ చేతివైపే చూచుచున్నాడు.

ఆమెయు, భర్తయగు జాన్ హారిస్‌గారును ఇట్టి పటములను మేజిక్ లాంతరుతో ఇంగ్లాండు, అమెరికా దేశముల సభలలో తెల్లని తెరమీద చూపించిరి. వింత చూచుటకే వచ్చినవారును ఉందురు. తెర యెక్కడ కట్టినను అట్టివారు తప్పరు. కాని 1888లో డన్లప్ గాలి టైరు వచ్చినది మొదలు రబ్బరుకు గిరాకి పెరిగియుండెను. సభకు సైకిలెక్కి వచ్చినవాడు తిరిగి పోవునప్పుడు తన చక్రములను ఏ కన్నులతో చూచెనో!

పటమొక్కటే కాంగోను విడిపించెనని చెప్పము. ఓడల సరకు లెక్కలు తిరగవేసి మోసము కనిపెట్టిన మొరెల్ వంటివారును కష్టపడిరి. 1908లో కాంగో లియోపోల్డు చేతినుండి బెల్జియము ప్రభుత్వమునకు మారెను. అంతటితో బాధలన్నియు తీరలేదు.

ఇప్పుడు తెర మన చేతిలోని ఫోనులోనే యున్నది. ఇటుకబట్టీలో మట్టి త్రొక్కు పిల్లవాని పటము వచ్చును. అయ్యో పాపమని వ్రేలితో పైకి త్రోయుదుము. పేదవాని గొఱ్ఱెపిల్లకై దావీదు పడిన కోపమువంటిదే మన జాలియు. అది యింకను పరుల కథయే. ఒడిశానుండి బిడ్డలను వెంటబెట్టుకొని తెలంగాణ బట్టీలకు వలస వచ్చు కుటుంబములు కలవు. మన గుడి గోడలోని ఇటుక ఎవరి చేతిదో ఎన్నడైనను అడిగితిమా?

ఈ యేడు ప్రహరీ గోడకు ఇటుకలు కొనవలసిన సంఘములు మనలో నున్నవి. బండి పంపుటకు ముందు సంఘపెద్దలలో ఇద్దరు బట్టీకి వెళ్లి, అక్కడి పిల్లలు బడికి పోవుచున్నారా, తల్లిదండ్రులకు కూలి చేతికి అందుచున్నదా విచారించి, ఆదివార ఆరాధనలో సంఘమునకు తెలుపవలెనని కోరుచున్నాము.