మూషికమునకు వైద్యమా?



గడచిన సంవత్సరము మా యింటిలో ఒక చిన్న ప్రశ్న పుట్టినది. అది నేటికిని నన్ను విడువలేదు. పెంపుడు ఎలుక జబ్బుపడినచో దానికి వైద్యము చేయించుట ధర్మమా, విలాసమా? ఈ ప్రశ్న విని పలువురు నవ్విరి. మొదట నేనును నవ్వితిని. ఆ నవ్వునకు ప్రాయశ్చిత్తముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా తమ్ముని కుమార్తె ఎనిమిదవ తరగతి చదువుచున్నది. నగరమునుండి తెచ్చుకొనిన తెల్ల యెలుక నొకదానిని పంజరములో పెంచుచుండెను. రెండు సంవత్సరములు గడచిన పిమ్మట ఒకనాడది మేత మానినది. వెన్ను వంచి, రోమములు నిక్కబొడుచుకొని మూల నొదిగినది. ఊపిరి తీసినప్పుడెల్ల టిక్కు టిక్కుమను చప్పుడు. కన్నుల చుట్టును, ముక్కువద్దను ఎఱ్ఱని మరకలు.

"పెదనాన్నా, దీనికి రక్తం వస్తోంది. ఆస్పత్రికి తీసుకుపోదాం" అని బిడ్డ యేడ్చినది.

"ఎలుకకు ఆస్పత్రేమిటమ్మా? రెండు రోజులు చూద్దాం" అంటిని. ఆ రెండు దినములే నా తప్పు. పిల్లులకును, పాములకును ఆహారమగు ప్రాణి తన జబ్బును బయటపెట్టదట. బలహీనత కనబడినచో ప్రాణము దక్కదు గనుక దాచుకొనును. అది మన కంటబడు సరికి రోగము ముదిరియుండును. ఈ సంగతి నాకు తరువాత తెలిసినది.

మూడవనాడు ఒక క్లినిక్కునకు పోతిమి. "కొత్తది కొనుక్కోండి సార్, మందుకన్నా చౌక" అని వారు పంపివేసిరి. అటనుండి పశువుల ఆస్పత్రికి పోతిమి. అచ్చటి డాక్టరుగారు నవ్వలేదు. "నేను గేదెలకు, మేకలకు వైద్యం చేసేవాణ్ణి. ఇంత చిన్న ప్రాణికి మోతాదు కొంచెం తప్పినా ప్రమాదమే. చిన్న జంతువులను చూచే డాక్టరు నగరంలో ఉన్నారు, ముందు ఫోను చేసి వెళ్ళండి" అనిరి. తెలియనిదానిని తెలియదని చెప్పి, తెలిసినవారి దారి చూపుటయు వైద్యధర్మమేయని నాడు గ్రహించితిని. కాయకమును పూజగా నెంచువాడు చేయదగిన పని అదియే.

నగరమునందలి డాక్టరమ్మ దానిని త్రాసులో తూచినది. రెండు వందల తొంబది గ్రాములు. ఎఱ్ఱని మరకలు నెత్తురు కావనియు, ఎలుకల కంటివెనుక గ్రంథినుండి వచ్చు స్రావమునకు ఆ రంగు సహజమనియు, జబ్బుచేసినపుడది ఎక్కువగా కనబడుననియు చెప్పినది. రోగము ఊపిరితిత్తులలో నున్నది. దానికి కారణము మైకోప్లాస్మా యను సూక్ష్మజీవి. అనేకములైన పెంపుడు ఎలుకలలో అది చిన్ననాటినుండియే యుండును. దానిని పూర్తిగా నిర్మూలింప వీలుకాదు గాని, మందులతో అణచియుంచవచ్చును. ఆమె కొంతసేపు ప్రాణవాయువు పట్టి, బరువునుబట్టి లెక్కగట్టి డాక్సీసైక్లిన్ మందును చుక్కలలో ఇచ్చినది. మనుష్యుల మాత్రను ముక్కచేసి వేయరాదని హెచ్చరించినది. పిదప, "పంజరం ఎన్నాళ్ళకు శుభ్రం చేస్తారు?" అని యడిగినది. మూత్రముతో తడిసిన పొట్టునుండి అమ్మోనియా లేచి ఊపిరితిత్తులను చెఱచునట. మా పంజరము గాలి యాడని మూల నుండెను. అనగా రోగమునకు మా అశ్రద్ధయు తోడైనది.

ఇంటికి రాగానే ఆక్షేపణలు మొదలయ్యెను. వానిని తేలికగా త్రోసిపుచ్చజాలను.

మొదటిది: మూడు వందల రూపాయల ప్రాణికి రెండు వేల రూపాయల వైద్యమా? వెల యనునది కొనువానికి సంబంధించినది. నొప్పి దానిని అనుభవించువానిది. అంగడిలో చౌకయైన ప్రాణికి నొప్పియు చౌక కాదు. మనకు అటువంటివి నూరు దొరకును గాని, దానికున్న ప్రాణ మొక్కటే.

రెండవది: ధాన్యపు గదిలో ఎలుకలబోను పెట్టిన యింటనే ఈ వైద్యమేమి? ఈ ప్రశ్న నన్ను కొన్నిరాత్రులు బాధించినది. పంటను కాపాడుకొనుట రైతునకు తప్పనిది. కాని పొలమునందలి ఎలుక తన మేత తాను వెదకుకొనును, తన కలుగు తాను త్రవ్వుకొనును. పంజరములోని యెలుకకు ఆ దారులన్నియు మనమే మూసితిమి. తలుపు మూసినవాడే అన్నము పెట్టవలెను. జబ్బుచేసినచో మందును వాడే యిప్పింపవలెను. ఈ ఋణము జాతినిబట్టి వచ్చినది కాదు, మనము చేసిన పనినిబట్టి వచ్చినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును మనుష్యుడు తప్ప తక్కిన ప్రాణులన్నిటిని జంతువులుగానే లెక్కించి, వాని సంరక్షకుడు వానికి అనవసరమైన బాధ కలుగకుండ చూడవలెనని విధించినది. బోను విషయమునను ఒక నియమ మేర్పరచుకొంటిని. జిగురుపలకపై ఒక దినమెల్ల తన్నుకొని చచ్చునట్లు ఏ ప్రాణినైనను మా యింట విడువరాదు.

మూడవది మిక్కిలి బరువైనది: మందులేక మనుష్యులు మరణించుచుండ ఎలుకకు ధనము వెచ్చింపవచ్చునా? ఒక రోగి నోటినుండి లాగి ఆ ధనము తెచ్చినచో ముమ్మాటికిని తప్పే. కాని నిజము విచారించితిని. ఆ నెలయందే మా యింట ఒక పెండ్లికి పట్టుచీరలు కొంటిమి. నేను క్రొత్త చరవాణి తీసికొంటిని. అప్పుడు బీదలను నాకెవరును జ్ఞాపకము చేయలేదు. ఎలుక మందు కడనే వారు జ్ఞాపకమునకు వచ్చిరి. బీదల పేరు చెప్పి మనము కాపాడుకొనునది తరచుగా మన సుఖమునే. అయినను హద్దు కలదు. అప్పుచేసి వైద్యము చేయింపుమని నేననను. శక్తి లేనివాడు పెంపకమునకు పూనుకొనకుండుటయే ఉత్తమము.

మరియొక ఋణమును మరువరాదు. 1912లో ఇంగ్లండునందు హాప్కిన్సు అను శాస్త్రజ్ఞుడు పిల్ల యెలుకలకు కొద్దిపాటి పాలు పెట్టియు, పెట్టకయు చూచి, ఆహారమున కంటికి కనబడని పోషకము కలదని నిరూపించెను. నేడు మనము విటమినులనునవి అవియే. మన దేశమున మెకారిసన్ అను వైద్యుడు కూనూరునందు, వివిధ ప్రాంతముల భోజనమును ఎలుకలకు పెట్టి, ఏ భోజనము బలమిచ్చునో పరీక్షించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. మన బిడ్డల అన్నమును గూర్చిన జ్ఞానములో కొంత ఈ మూగప్రాణుల ఒడలినుండి వచ్చినది. వాని రోగములను శాస్త్రము ఇంతగా నెరిగియుండియు, జబ్బుపడిన యొక యెలుకకు డాక్టరు దొరకుట దుర్లభమగుట వింత గాదా?

బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగా నిలిపినాడు. దయ చూపదగిన ప్రాణుల పట్టిక యొకటి వ్రాసి, అందులో ఎలుకను విడిచిపెట్టుమని ఆయన మనకు చెప్పలేదు. ఆ పట్టికను మనమే వ్రాసికొంటిమి.

మందులతో ఆ యెలుక కోలుకొని తొమ్మిది వారములు బ్రదికెను. మరల ఊపిరి బిగిసినపుడు డాక్టరమ్మ, "దీని వయసుకు ఇంక మందు పనిచేయదు, బాధ లేకుండా నిద్రపుచ్చవచ్చును" అనెను. ప్రాణము తీయుట వైద్యమగునా యని నేను తటపటాయించితిని. తెరచిన నోటితో గాలికై తపించుచున్న ఆ ప్రాణిని చూచి సరేయంటిని. చేసినది ఒప్పేయని నేటికిని నిశ్చయముగా చెప్పజాలను. మరి రెండు దినములు ఊరక చూచుచుండుట మాత్రము ఒప్పు కాదని యెరుగుదును. ఒకసారి అట్లు చూచితిని గదా!

పంజరము కడిగి ఎండబెట్టుచున్న బిడ్డతో, "ఇంకొకటి తెచ్చుకుందామా తల్లీ?" అంటిని.

"డాక్టరు ఎక్కడున్నారో ముందే కనుక్కొని, అప్పుడు తెచ్చుకోవాలి పెదనాన్నా" అన్నది.

ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆ మాట పాఠమైనది. ఏ ప్రాణినైనను మన గడపలోనికి తెచ్చుటకు ముందే, అది జబ్బుపడు దినమును తలచుకొనవలెను.