పసివాని తప్పు – పెద్దవాని పరీక్ష

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునందు ముగ్ధభక్తుల చరిత్రలను మిక్కిలి ప్రీతితో చెప్పినాడు. వారిలో గొడగూచి అను బాలిక ఒకతె. తండ్రి ఊరికి పోవుచు, ప్రతిదినము శివునకు పాలు ఆరగింపు చేయుమని ఆమెకు అప్పగించినాడు. తండ్రి భావములో ఆరగింపు ఒక ఉపచారము. బాలిక భావములో అది నిజముగా త్రాగించుటయే. శివుడు పాలు ముట్టకుండుట చూచి ఆమె బ్రతిమాలినది, విలపించినది. తుదకు శివుడు ప్రత్యక్షమై పాలు త్రాగినాడు. తిరిగివచ్చిన తండ్రి ఆ మాట నమ్మలేదు, కోపించినాడు. బాలిక శివుని శరణుజొచ్చి లింగమునందు లీనమైనది.

ఈ కథను భక్తిమహిమగా వినుట మనకు అలవాటు. కాని ఇందు ధర్మవిచారమునకు తగిన ప్రశ్న కూడ ఒకటి ఉన్నది. ఒకే మాట పెద్దవానికి ఒక అర్థమును, పసివానికి వేరొక అర్థమును తోపించినప్పుడు తప్పెవరిది? తనకు తోచినట్లు నమ్మిన బిడ్డను దండించు హక్కు పెద్దవానికి ఎక్కడి నుండి వచ్చినది? ఈ ప్రశ్న ప్రతి పాఠశాలలోను, ప్రతి ఇంటిలోను నేటికిని నిలిచియే ఉన్నది.

స్విట్జర్లాండు దేశస్థుడైన జీన్ పియాజె (1896–1980) యౌవనమున పారిస్ నగరములో పిల్లల బుద్ధిపరీక్షలకు సంబంధించిన పని చేసినాడు. సరియైన జవాబులకంటె తప్పు జవాబులే ఆయనను ఆకర్షించినవి. ఒకే వయస్సు పిల్లలు ఒకే తీరున పొరబడుచున్నారు. అనగా తప్పునకు కూడ ఒక క్రమమున్నది. బిడ్డ ఆలోచింపక కాదు, తనదైన రీతిలో ఆలోచించియే ఆ జవాబు చెప్పుచున్నాడు. ఈ గమనికనుండి ఆయన బుద్ధివికాసమును నాలుగు దశలుగా నిరూపించినాడు. రెండేండ్లవరకు ఇంద్రియములతోను చేతలతోను తెలిసికొనుట. రెండు నుండి ఏడేండ్లవరకు కంటికి కనబడినదే ప్రమాణమగుట. ఏడు నుండి పదునొకండు వరకు చేతికందు వస్తువుల విషయమున తర్కము కుదురుట. అటుపిమ్మట వస్తువు లేకయే భావములను విచారింపగలుగుట.

ఆయన చేసిన ఒక పరీక్ష సుప్రసిద్ధము. సమానమైన రెండు గ్లాసులలో సమానముగా నీరు పోసి, ఒకదానిలోని నీటిని సన్నని పొడుగు గ్లాసులోనికి మార్చినచో, నాలుగైదేండ్ల బిడ్డ పొడుగు గ్లాసులోనే ఎక్కువ నీరున్నదనును. ఏడెనిమిదేండ్లు వచ్చుసరికి ఆ బిడ్డయే ఈ ప్రశ్నకు నవ్వును. మొదటి జవాబునకు బెత్తము దెబ్బ కొట్టినంత మాత్రమున రెండవ జవాబు ముందుగా రాదు. బిడ్డ నోరు మూసికొనును, అంతియే.

అయితే సిద్ధాంతమునకును హద్దులున్నవి. మార్గరెట్ డొనాల్డ్‌సన్ 1978లో ప్రచురించిన గ్రంథమున ఒక విలువైన విషయమును చూపినది. పెద్దవాడు తానే వస్తువులను కదల్చి అదే ప్రశ్నను మరల అడిగినప్పుడు, తన మొదటి జవాబు పెద్దలకు నచ్చలేదేమోయని బిడ్డ అనుకొనవచ్చును. ఒక ఆటబొమ్మ అల్లరిచేసి ఆ వస్తువులను చెదరగొట్టినట్లు చూపినప్పుడు పెక్కుమంది పిల్లలు సరిగానే చెప్పినారు. కొన్ని తప్పులు బుద్ధిలోపమువలన గాక పెద్దల యెడ గల జంకువలన పుట్టునన్న మాట. రష్యా దేశమున వైగోట్‌స్కీ (1896–1934) మరియొక దారి చూపినాడు. బిడ్డ ఒంటరిగా చేయగలదానికిని, తెలిసినవారి సాయముతో చేయగలదానికిని నడుమనున్న చోటే బోధకు తగిన తావని ఆయన మతము. కావున దశను సాకుగా చూపి, వీడికింకను వయస్సు రాలేదని కూర్చుండుట గురుధర్మము కాదు. చేయి పట్టి ఒక మెట్టు ఎక్కించి, ఆపైన చేయి విడుచుటయే బోధ.

మొక్కై వంగనిది మానై వంగునా యని పెద్దలు ప్రశ్నింపవచ్చును. నిజమే. కాని మొక్కను వంచువాడు దాని లేతదనమెరిగి వంచును. విరిచినవానిని తోటమాలి యనరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో శరీరదండనను, మానసికహింసను నిషేధించినది. కాని చట్టమునకు జడిసి బెత్తము దాచిన చేతికిని, దయచేత దానిని విడిచిన చేతికిని భేదమున్నది. దయలేని ధర్మమును బసవేశ్వరుడు ధర్మముగా అంగీకరింపలేదు.

వీరశైవాచారమున ఒక గొప్ప మర్మమున్నది. శిశువునకు మాటైనను రాకముందే గురువు లింగమును కట్టును. అది అర్థమైనదా యని ఎవరును అడుగరు. పూజ్యత బుద్ధి పరిపాకమును బట్టి రాదని దీని భావము. ఆ పిమ్మట భక్తస్థలము మొదలు ఐక్యస్థలము వరకు ఆరు స్థలములు చెప్పబడినవి. ఇవి పియాజె చెప్పిన దశలు కావు. ఇది సాధన, అది మనోవికాసము. కాని రెండింటిని కలిపి చూచినచో ఒక నియమము దొరకును: గౌరవమునకు మెట్లు లేవు, బోధకు మెట్లున్నవి. మూడేండ్ల బిడ్డకును పండితునకును గౌరవము ఒక్కటే. పాఠము మాత్రము ఒక్కటి కాదు.

ఈ నియమమును ఆచరించుట కష్టము కాదు. అయిదేండ్లవానికి కూడిక చింతపిక్కలతో చెప్పవలెను. అంకెలు తరువాత వచ్చును. భిన్నములు బెల్లపుముక్కను విరిచి చూపినప్పుడు తేటపడును. మఠములలో పసివారిచే వచనములు వల్లింపజేయుట తప్పు కాదు. కాని ఆరేండ్లవానిని నిలబెట్టి శూన్యతత్త్వమునకు అర్థమడుగుట తప్పు. వానికి పంక్తిలో వడ్డన నేర్పినచో చాలును. ఇతరుని ఆకలి కనిపెట్టుట చేతికి అలవడినవాడు దాసోహమను మాటకు అర్థమును తానే కనుగొనును. తప్పు జవాబు వచ్చినప్పుడు మొదట అడుగవలసినది, ఎందుకు తప్పు చెప్పితివని కాదు, ఎట్లు ఆలోచించితివని.

ఏడెనిమిదేండ్లు దాటిన బిడ్డ పెద్దలను తర్కించి అడుగును. బాలుడైన బసవడు ఉపనయనము తలపెట్టిన తండ్రితో వాదించి నిరాకరించెనని పురాణము. అట్టి మహనీయుని స్మరించు మనము, మన యింటి బిడ్డ ప్రశ్నించినంతనే ఎదురు చెప్పుచున్నాడని కసరుట ఏమి న్యాయము?

గొడగూచి తండ్రి దుర్మార్గుడు కాడు. పాలు తప్పక అర్పింపవలెనని తలచిన భక్తుడే. అయినను కుమార్తెను నమ్మలేకపోయినాడు. పాలు ఏమైనవని నిలదీయుటకు మారుగా, శివునిచేత ఎట్లు త్రాగించితివమ్మా యని అడిగియుండినచో అతడును ఆమె చూచినదానిని చూడగలిగెడివాడేమో. పసివాని తప్పు ఎదుట నిలిచిన ప్రతి పెద్దవానికి ఈ రెండు ప్రశ్నలలో ఒకదానిని ఎన్నుకొను ఘడియ వచ్చును. ఆ ఘడియలో పరీక్ష బిడ్డకు కాదు, పెద్దవానికే.